బూడిదదొర పూర్వకథ

ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 4

అన్నయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ", "ఆఁ", "సరే మరి" అనే మూడు మాటలతో సరిపెట్టేస్తావు. అదే ఉత్తరమైతే నాలుగు పేజీలు రాస్తావు. అందుకే ఈ తిప్పలు.

నా ఉద్యోగం ఏమిటో వదినకి ఇంకా అర్థం కాలేదని అమ్మ చెప్పింది. ఈసారి ఇది చదివి వినిపించు. మా కంపెనీ తయారుచేసేది నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు వీరులు. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు దొంగ. ఏం చెయ్యబోతున్నారో నోటితో చెప్పి, పాచికలు వేసి, అయిందో లేదో చూసుకుంటారు. చివర్లో ఒక విలన్ ఎదురొస్తాడు. ఆ విలన్లని పుట్టించడం నా పని. వాడెవడు, ఎక్కడ పెరిగాడు, ఎందుకిలా తగలడ్డాడు అన్నది నేను రాయాలి. దాన్ని మేం పూర్వకథ అంటాం.

ఏడాదిలో ఇరవైముగ్గురిని పుట్టించాను. పదిహేడుమందిని మా పెద్దాయన వెనక్కి కొట్టాడు. నిన్న అయితే కాగితం బల్ల మీద పడేసి, "మీ విలన్లు రబ్బరు బొమ్మలమ్మా. నొక్కితే కుయ్ మంటారు, అంతే. మీకు నిజంగా తెలిసిన దుర్మార్గుడు ఒక్కడూ లేడా?" అన్నాడు. అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది.

బస్సులో వస్తూ ఆలోచించాను. మనకి తెలిసిన దుర్మార్గుడు ఎవరబ్బా అని. బాబాయ్ గుర్తొచ్చాడు.

అప్పటికి నాకు ఆరేళ్ళు. కాలిపోయిన మన బైండింగ్ షాపు, అందరి చెప్పులకీ అంటుకున్న మసి గుర్తున్నాయి. నాన్న వీధిలో నిలబడి "నీ సిగరెట్టు నా కొంప ముంచిందిరా, ఇక నా కళ్ళకి కనపడకు" అని అరవడం, బాబాయ్ ఒక్క సంచీతో వెళ్ళిపోవడం గుర్తున్నాయి. ఆయన అందరినీ "దొరా" అనేవాడు, నన్ను "దొరసాని" అనేవాడు. ఎడమచేతి చిటికెనవేలు సగమే ఉండేది. ఇంతకు మించి ఏమీ తెలియదు. నీకు పద్నాలుగేళ్ళు కదా, అన్నీ తెలిసుంటాయి. షాపు ఎలా ఉండేది, ఆ రోజు ఏం జరిగింది, అంతా రాసి పంపు.

నీ చెల్లెలు,
రబ్బరు బొమ్మల తల్లి


కళ్ళద్దాల షాపు
జూన్ 19

చెల్లాయ్,

వదినకి చదివి వినిపించాను. "అంటే కూర్చుని అబద్ధాలు చెప్పుకుంటారన్నమాట" అంది. ఇంతకన్నా అర్థమవుతుందని ఆశ పెట్టుకోకు.

షాపు గురించి అడిగావు. ముందు గదిలో కుట్టుపని. అచ్చైన కాగితాలు మడిచి, వరసలో పేర్చి, బాబాయ్ కుట్టేవాడు. నాలుగేసి చొప్పున లెక్కపెడుతూ ఏదో కూనిరాగం తీసేవాడు. రాగం ఆగిందంటే లెక్క తప్పిందని అర్థం. అంచులు కోసే మిషన్ గుమ్మం పక్కన ఉండేది. ఆయన వేలు తిన్నది అదే. వెనక గదిలో అట్టలు, గుడ్డ తానులు, ఒక మూల కిరోసిన్ స్టవ్, దాని మీద జిగురు డబ్బా. జిగురు వేడిగా ఉంటేనే పని చేస్తుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేముందు స్టవ్ ఆర్పడం మాత్రం నాన్న ఎవరికీ వదిలేవాడు కాదు. తనే ఆర్పి, చల్లారిందో లేదో చేత్తో తాకి చూసి, అప్పుడు తాళం వేసేవాడు. ఆ కంపు నీకు గుర్తుందా? నాకు ఇప్పటికీ లెన్సులు అరగదీస్తుంటే ఒక్కోసారి ముక్కుకి తగులుతుంది.

ఆ రోజు సంగతి నాకూ సరిగ్గా గుర్తు లేదు. ఎవరి హడావుడిలో వాళ్ళున్నారు.

బాబాయ్‌ని మాత్రం వదిలెయ్యి. అమ్మకి తెలిస్తే బాధపడుతుంది. కావాలంటే నా దగ్గర మంచి విలన్ ఉన్నాడు. నెలకోసారి వచ్చి పది ఫ్రేములు పెట్టుకుని చూసి, తొమ్మిది తిరిగిచ్చి పోతాడు. వాడి పూర్వకథ రాయి.

అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు
ఆగస్టు 11

అన్నయ్యా,

నీ ఫ్రేముల దొంగ బాగున్నాడు గానీ ఆలస్యమైపోయింది. నీ ఉత్తరం వచ్చేసరికే సగం రాసేశాను. వాడి పేరు బూడిదదొర.

పుస్తకాలు కుట్టే మఠం ఒకటుంది. అందులో అన్నదమ్ములు. అన్నకి పేరు, తమ్ముడికి చాకిరీ. ఈర్ష్యతో కుళ్ళిపోయిన తమ్ముడు ఒకరోజు తాగి వచ్చి, వెయ్యి గ్రంథాలున్న గదికి నిప్పు పెడతాడు. అక్కణ్ణుంచి రాజ్యాలే తగలబెట్టుకుంటూ పోతాడు. ఎదుటివాణ్ణి చంపేముందు చాలా మర్యాదగా "దయచేయండి దొరా" అంటాడు. పని చేస్తూ కూనిరాగం తీస్తాడు, నాలుగేసి చొప్పున లెక్కపెడుతూ. అది నీ చలవే! ఆ రాగం ఆగితే ఎవరో చావబోతున్నారని అర్థం.

అచ్చుకి ముందు కొత్తవాళ్ళని పిలిచి ఆడించి చూస్తాం. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని చూశాను. బూడిదదొర మొదటిసారి "దొరా" అనగానే ఒకమ్మాయి చేతిలో పాచిక జారి కిందపడింది. చివరికి వాణ్ణి చంపినప్పుడు ఐదుగురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారన్నయ్యా. పెద్దాయన నా భుజం తట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంకో సంగతి. ప్రతి విలన్ కాగితం చివరా ఒక గడి ఉంటుంది. ఏ మాట వింటే వాడు ఆయుధం దించేస్తాడో అందులో రాయాలి. వీరులు తెలివైనవాళ్ళయితే ఆ మాట కనిపెట్టి, కత్తి దూయకుండానే గెలవచ్చు. బూడిదదొరకి మాత్రం ఆ గడి ఖాళీగా వదిలేశాం. వీడిని లొంగదీసే మాటంటూ లేదు. చంపాల్సిందే. జనం దాని గురించే మాట్లాడుకుంటారని పెద్దాయన అంటున్నాడు.

డబ్బా మీద బొమ్మ కూడా వాడిదే. మన పాత ఫోటో ఒకటి బొమ్మలాయనకి ఇచ్చాను. సగం వేలుతో సహా దింపేశాడు. ఒక నకలు పంపుతున్నాను, చూడు.

గాల్లో తేలుతున్న నీ చెల్లెలు


కళ్ళద్దాల షాపు
సెప్టెంబరు 2

చెల్లాయికి,

బొమ్మ చూశాను. షాపులో గిరాకీ ఎక్కువగా ఉండి వెంటనే రాయలేకపోయాను.

ఆ బొమ్మ మార్పించు. ఎలాగైనా మార్పించు. బాబాయ్ తాగేవాడు కాదు. ఈర్ష్య ఆయన ఒంట్లో లేదు. నాన్న పేరు మీద పుస్తకాలు బయటికి వెళ్తుంటే ఆయనే గుమ్మంలో నిలబడి మురిసిపోయేవాడు. కథ అన్నాక కల్పించుకుంటారు, నాకూ తెలుసు. కానీ ఆ మొహం పెట్టి ఆ మాటలు రాయకూడదు.

అసలు సిగరెట్టు వల్లే అంటుకుందని ఎవరు చూశారు? వెనక గుమ్మం దగ్గర పీక దొరికింది, అంతే కదా. జిగురు స్టవ్ కూడా వెలుగుతూనే ఉంది. దాని సంగతి ఎవరూ ఎందుకు అడగలేదు? నీ కథలో అన్నిటికన్నా పెద్ద కన్నం అదే.

ఆ గడి కూడా ఖాళీగా వదలొద్దు. ఏ మనిషికైనా ఒక మాట ఉంటుంది.

అన్నయ్య


ఆఫీసు, మూడో అంతస్తు
సెప్టెంబరు 20

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. ఏడాది తర్వాత ఒక్క పని కుదిరితే అందులో కన్నాలు వెతుకుతున్నావని. అచ్చుకి వెళ్ళిపోయింది. నా చేతుల్లో ఏమీ లేదు.

తర్వాత కోపం పోయింది. ఇంకేదో పట్టుకుంది. రోజంతా విలన్ల పూర్వకథలు రాసేదాన్ని కదా, ఎవరైనా ఒకణ్ణి అవసరానికి మించి వెనకేసుకొస్తుంటే నాకు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

జూన్‌లో నువ్వే రాశావు. భోజనానికి వెళ్ళేముందు నాన్న తనే స్టవ్ ఆర్పి, చేత్తో తాకి చూసి, తాళం వేసేవాడని. మంట లేచింది భోజనాల వేళ అని అమ్మ చాలాసార్లు చెప్పింది. మరి అప్పుడు స్టవ్ వెలుగుతోందని నీకెలా తెలుసు?

జవాబు రాయి.


కళ్ళద్దాల షాపు
డిసెంబరు 8

చెల్లాయ్,

రెండు నెలలకి పైగా నీ ఉత్తరం సొరుగులో ఉంది. నిన్న ఒకావిడ వాళ్ళ అమ్మాయిని తీసుకొచ్చింది, చూపు పరీక్షకి. ఆ పిల్ల చేతిలో మీ డబ్బా. అక్షరాల పటం వైపు చూడమంటే డబ్బా కింద పెట్టింది. బాబాయ్ మొహం నా వైపు ఉంది. నేను ఆ పిల్లకి తప్పు పవర్ రాసిచ్చాను. తర్వాత వీధిలోకి పరిగెత్తి మార్చి ఇవ్వాల్సివచ్చింది.

స్టవ్ వెలిగించింది నేను.

నా బ్యాటు పిడి చీలిపోయింది. సాయంత్రం ఆట ఉంది. నాన్న భోజనానికి రాగానే తాళంచెవి తీసుకుని వెనక గుమ్మం నుంచి వెళ్ళాను. బాబాయ్ అప్పుడే బయట సిగరెట్టు కాల్చుకుని కాగితాలు తేవడానికి వెళ్ళాడు. జిగురు గట్టిపడి ఉంటే స్టవ్ వెలిగించి, డబ్బా పెట్టి, పిడికి రాసి, తాడు చుట్టాను. వీధిలోంచి ఎవరో పిలిచారు. బ్యాటు పట్టుకుని పరిగెత్తాను. స్టవ్ ఆర్పలేదు. ఆర్పానేమో అని ఒక్క క్షణం కూడా అనుమానం లేదు నాకు. ఆర్పలేదని అప్పుడే తెలుసు.

పొగ చూసి వెనక్కి వచ్చేసరికి నాన్న చేతిలో సిగరెట్టు పీక ఉంది. బాబాయ్ నోరు తెరుచుకుని దాన్నే చూస్తున్నాడు. "నేను కాదు" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే చెప్పేద్దామనుకున్నాను. నిజం. ఆయన అనలేదు, నేను చెప్పలేదు. మర్నాడు చెప్దామనుకున్నాను. మర్నాటికి ఆయన వెళ్ళిపోయాడు. ఆ బ్యాటుతో ఆ ఏడాదంతా ఆడాను కూడా. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన మీ ఊళ్ళోనే బస్టాండులో సామాన్ల గదిలో గుమాస్తా. అడ్రసు నా దగ్గరుంది. ఎలా వచ్చిందని అడగకు.

అమ్మకి చెప్పకు.

అన్నయ్య


ఇంట్లో, వంటగది బల్ల
జనవరి 15

అన్నయ్యా,

అడగకు అన్నావు గానీ, నేను అడగక్కర్లేకుండానే తెలిసింది.

ఆదివారం బస్టాండుకి వెళ్ళాను. సామాన్ల గది కౌంటరుకి ఎదురుగా బొమ్మల షాపు. ఆ షాపు ముందు నిలువెత్తు అట్టబొమ్మ, మా కంపెనీదే. బూడిదదొర. బాబాయ్ కుర్చీలో కూర్చుంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళెదురుగా అదే.

నన్ను ఆయన గుర్తుపట్టలేదు. "నేను దొరసానిని" అన్నాను. అంతే, కుర్చీలోంచి లేచి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. అదేదో మర్యాద తప్పినట్టు మళ్ళీ లేచాడు. ఆ బొమ్మ, ఆ కథ నావేనని చెప్పాను. తలెత్తి చెప్పలేకపోయాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "బాగుందమ్మా. ముక్కు కాస్త పొడుగు వేశారు, అంతే. పక్క షాపు పిల్ల కథంతా చదివి చెప్పింది. నువ్వు రాసిందాంట్లో తప్పేముంది? నేను చేసిందే కదా."

ఆయన నమ్ముతున్నాడన్నయ్యా. ఇరవైతొమ్మిదేళ్ళుగా తనే తగలబెట్టాననుకుంటున్నాడు. "ఆ సిగరెట్టు ఆర్పానో లేదో ఇప్పటికీ గుర్తు రాదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాదు" అన్నాడు. గదిలో స్టవ్ పెట్టుకోడు, హోటల్లో తింటాడు. పెళ్ళి మాటలు ఖాయమయ్యాక తనే వద్దన్నాడట. ఒక ఇంటినీ అందులోవాళ్ళనీ తన చేతికి అప్పగించడం మంచిది కాదని. నవ్వుతూ చెప్పాడు ఈ మాట. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. నేను ఆయన్ని ఎదుటివాళ్ళ చప్పట్ల కోసం చంపించాను. మా ఆఫీసు కింద అంతస్తులో ఆట ఆడేవాళ్ళు రోజూ ఇప్పటికీ చంపుతున్నారు. మెట్ల మీదకి వినబడుతుంది. పెద్దాయన్ని అడిగితే తరవాతి అచ్చులో మొహం, వేలు మారుస్తామన్నాడు, అంతవరకే. ఈ పాపం నాది, ఎవరి మీదకీ నెట్టను.

కానీ ఇంకొకటి చెప్పాడు. మూడేళ్ళ కిందట నాన్న ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు తెలిసి వచ్చాడట. వరండాలో రెండు గంటలు నిలబడ్డాడట. నువ్వు బయటికి వచ్చి, "నాన్న నిన్ను చూడనంటున్నాడు బాబాయ్" అన్నావట. అడ్రసు చీటీ నీ చేతిలో పెట్టి, మనసు మారితే ఒక్క ముక్క రాయమని చెప్పి వెళ్ళిపోయాడట.

ఆ వారమంతా నేను నాన్న మంచం పక్కనే ఉన్నాను. ఆయన తలుపు వైపే చూస్తుండేవాడు. "వాడు వచ్చాడా" అని అడిగేవాడు. నీ గురించి అనుకున్నాను, పిచ్చిదాన్ని. నాన్న ఆ మాట ఎప్పుడన్నాడు?

నేను బాబాయ్‌కి ఏమీ చెప్పలేదు. ఆ ఖాళీ గడిలో రాయాల్సిన మాట నీ దగ్గరుంది. నువ్వు వెళ్ళి చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.


కళ్ళద్దాల షాపు
ఫిబ్రవరి 9

చెల్లాయ్,

నాన్న ఆ మాట అనలేదు. ఆయన అడిగింది బాబాయ్ గురించే. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే, నేను స్టవ్ ఆర్పే వెళ్ళాను అని నాన్న, నేను వెనక గుమ్మం బయట నీళ్ళకుండీ పక్కన నిలబడి కాల్చాను అని బాబాయ్, అలా కలుపుకుంటూ వస్తే చివరికి నా దగ్గర ఆగుతుందని భయపడ్డాను. నలభై ఏళ్ళవాణ్ణి, మీసాలున్నవాణ్ణి, చీపురుదెబ్బలకి దాక్కున్న పిల్లాడిలా భయపడ్డాను. నాన్న "వాడు వచ్చాడా" అంటే "లేదు" అన్నాను. బాబాయ్ అప్పటికింకా వరండాలోనే ఉన్నాడు.

నిన్న వెళ్ళాను. కౌంటరు ముందు వరస ఉంది. అందులోనే నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆయన తల వంచుకుని రసీదు పుస్తకం తిప్పుతూ "ఏం పెట్టాలి?" అన్నాడు. నా దగ్గర సంచీ కూడా లేదు. "స్టవ్ వెలిగించింది నేను బాబాయ్" అన్నాను. తలెత్తి చూశాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. ఇంకోసారి చెప్పాను. పక్క గుమాస్తాకి పుస్తకం అప్పగించి నన్ను లోపలికి రమ్మన్నాడు.

పెట్టెల మధ్య నిలబడి అంతా చెప్పాను. బ్యాటు సంగతి కూడా చెప్పాను. ఏదీ దాచుకోలేదు. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆయన చాలాసేపు తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత, "అయితే నేను ఆర్పానన్నమాట" అన్నాడు.

"ఆర్పావు బాబాయ్."

"నీళ్ళకుండీలో వేసి ఉంటాను. ఎప్పుడూ అందులోనే వేసేవాణ్ణి."

"పీక తడిగానే ఉంది. నాన్న చేతిలో చూశాను."

ఎవరిదో పెట్టె మీద కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత ఆస్పత్రి సంగతి చెప్పాను. చెప్పకుండా వచ్చేయొచ్చు. ఆయన భుజం మీద చెయ్యి వేయనిచ్చాడు కూడా. అక్కడితో ఆపితే మంచివాడిగా బయటపడేవాణ్ణి. అయినా చెప్పాను.

"మా అన్నయ్య నన్ను రమ్మన్నాడా?"

"రోజూ అడిగాడు బాబాయ్."

చెయ్యి తీసేశాడు. గొంతు పెంచలేదు. "మొదటిదానికి నువ్వు పిల్లాడివిరా. దాన్ని వదిలేశాను, ఇప్పుడే, ఇక్కడే. రెండోదానికి నీకు నలభై ఏళ్ళు. అది వదలను. నేను పోయేదాకా వదలను. నువ్వు అడగొద్దు" అన్నాడు. "మీ అమ్మకి తెలుసా?" అన్నాడు. లేదన్నాను. "ముందు మీ అమ్మకి చెప్పు. ఇవాళే చెప్పు. చెప్పి, తీసుకురా. మేమిద్దరం మాట్లాడుకోవాలి. మా అన్నయ్య చివరి రోజులు ఎలా గడిచాయో ఆవిడ నోట వినాలి నాకు. నువ్వు లోపలికి రావొద్దు."

రాత్రి బస్సు దిగి నేరుగా అమ్మ దగ్గరికే వెళ్ళాను. చెప్పాను. ఆమె ఏమందో ఇందులో రాయలేను. పొద్దున లేచేసరికి తన పెట్టె సర్దుకుని, చీర మార్చుకుని, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నాతో మాట్లాడలేదు. వదినతో "బస్సెన్నింటికో కనుక్కోమను" అంది.

పదకొండింటికి బస్సు. మీ ఊళ్ళో దిగాక ఈ ఉత్తరం నీ ఇంట్లో ఇచ్చి, బాబాయ్ గది దాకా అమ్మ పెట్టె మోస్తాను. వాళ్ళు లోపల ఎన్ని గంటలు మాట్లాడుకుంటే అన్ని గంటలూ నేను వరండాలో నిలబడతాను. నువ్వు వస్తే నాతో నిలబడకు. లోపలికి వెళ్ళు. నిన్ను రానిస్తాడు.

అన్నయ్య